రోజూ పెయిన్ కిల్లర్ ఏసుకుంటే లంగ్ క్యాన్సర్ రాదంట, నిజమేనా? మా బాపు మొదలుపెట్టిండు

కుషాయిగూడ_కిరణ్ | రాత్రి 9:14
అన్నలూ అక్కలూ జర చూడుండ్రి. మా బాపుకు 61, బీడీలు చిన్నప్పటి సంది తాగుతడు, పోయిన సంవత్సరం గుండెకు స్టెంట్ ఏశిన్రు, అప్పటికెల్లి తగ్గించిండు గానీ మానలే. ఇప్పుడు కొత్త ముచ్చట ఏందంటే వాట్సాప్‌ల ఎవరో పంపిన్రంట, ఐబుప్రోఫెన్ ఏసుకునే స్మోకర్లల్ల లంగ్ క్యాన్సర్ చావులు సగానికి సగం తక్కువున్నయని అమెరికాల తేలిందని. గా మాట పట్టుకోని రోజూ రాత్రి అన్నం తిన్నంక ఒక గోలి ఏసుకుంటుండు, మెడికల్ షాపోడు అడగంగనే ఇచ్చిండు. నేను వద్దంటే "నీకేం తెల్సురా, అమెరికోళ్లు చెప్పిన్రు" అంటుండు. నిజంగ అసొంటి రీసెర్చ్ ఉన్నదా లేకుంటే ఇది గూడ నిమ్మకాయ వేడినీళ్ల టైపు ఫార్వర్డేనా?

ఇరానీ_సమోసా | రాత్రి 9:20
బీడీ కట్ట కొంటే గోలి ఫ్రీ అని రేపటి నుంచి పాన్ డబ్బాల దగ్గర బోర్డు పెడతారు చూడు 😂

మెడికల్స్_మల్లేశం | రాత్రి 9:31
నవ్వులాట తర్వాత. కిరణ్ తమ్మీ, మీ బాపు ఏసుకునేది ఒట్టి ఐబుప్రోఫెనా కాంబిఫ్లామా? కాంబిఫ్లామ్ అయితే అందుల ఐబుప్రోఫెన్ 400, పారాసెటమాల్ 325 రెండూ ఉంటయి. స్టెంట్ అన్నవు గాబట్టి ఎకోస్ప్రిన్ (అంటే ఆస్పిరిన్ గోలి), క్లోపిడోగ్రెల్ కూడ నడుస్తుండాలె, రెండూ రక్తం గడ్డకట్టకుండ చూసేటివి. వాటి మీద ఇది పడితే కడుపుల రక్తం కారే ఛాన్స్ మస్తు పెరుగుతది. మోషన్ నల్లగ తారు లెక్క వస్తుందా అడుగు, సిగ్గుపడి చెప్పరు పెద్దోళ్లు, గట్టిగ అడుగు.

కుషాయిగూడ_కిరణ్ | రాత్రి 9:38
కాంబిఫ్లామే అన్నా. ఎకోస్ప్రిన్ 75, క్లోపిడోగ్రెల్ రెండూ ఏసుకుంటుండు. మోషన్ సంగతి అడిగిన, మామూలుగనే ఉన్నదంటుండు.

పల్మో_పీజీ | రాత్రి 9:52
కిరణ్ గారూ, నేను చెస్ట్ మెడిసిన్ చదువుతున్నా, డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా కాబట్టి ముక్తసరిగా. ఆ కాంబిఫ్లామ్ ఈ రాత్రి నుంచే వద్దు, రేపు పొద్దున కార్డియాలజిస్టుకి ఫోన్ చేసి ఇన్నాళ్లు వేసుకున్నారని చెప్పండి. కానీ కంగారులో ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం ఆపకండి, స్టెంట్ పూడిపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం. రక్తం కారడం ఒక్కటే కాదు, ఇంకో చిక్కుంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లలో ఎక్కడ అతుక్కుని పనిచేస్తుందో ఐబుప్రోఫెన్ కూడా అక్కడే కూర్చుంటుంది, అది ముందే కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటు దొరకదు, గుండెకి రావాల్సిన రక్షణ తగ్గిపోతుంది. మందులకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2006లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని గ్యాప్ ఇచ్చి సర్దుకుందాం అనుకోకండి, ఆ గ్యాప్ లెక్కలు మామూలు ఆస్పిరిన్‌కి చెప్పినవి, ఎకోస్ప్రిన్ మీద కోటింగ్ ఉంటుంది, అది కరిగే టైమే వేరు. రీసెర్చ్ సంగతి ఎవరైనా తీరిగ్గా చెప్తారు, నేను వార్డుకి పోవాలి.

సాస్_సుబ్బు | రాత్రి 10:26
నేను చెప్తా, క్లినికల్ ట్రయల్స్ (కొందరికి మందిచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చే పరీక్షలు) డేటా మీద సాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామింగ్ చేయడమే నా ఉద్యోగం, హైటెక్ సిటీలో రాయి విసిరితే మాలాంటి వాడికే తగుల్తుంది.

ఆ ఫార్వర్డు పూర్తిగా అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. 2016 డిసెంబర్‌లో వియన్నాలో లంగ్ క్యాన్సర్ ప్రపంచ సదస్సు జరిగింది, అక్కడ ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించిన లెక్క అది. అమెరికా ప్రభుత్వం 1988 నుంచి 1994 దాకా జనం ఆరోగ్యం మీద ఒక పెద్ద సర్వే చేసింది, అందులోని 10,735 మందిని 2006 దాకా రికార్డుల్లో వెంటాడి చూస్తే 269 మంది లంగ్ క్యాన్సర్‌తో పోయారు, వాళ్లలో 252 మంది ఎప్పుడో ఒకప్పుడు సిగరెట్ తాగినవాళ్లే. ఐబుప్రోఫెన్ రెగ్యులర్‌గా వాడతామని చెప్పిన వాళ్లలో ఆ చావులు 48 శాతం తక్కువ కనిపించాయి. మీ బాపు చదివిన "సగానికి సగం" అదే.

ఫార్వర్డులో రాయని ముక్క ఏంటంటే, అదే లెక్కలో ఆస్పిరిన్‌కి గానీ పారాసెటమాల్‌కి గానీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. పారాసెటమాల్‌కి రాకపోతే అర్థం చేసుకోవచ్చు, అది వాపు తగ్గించే మందు కాదు. ఆస్పిరిన్ మాత్రం ఐబుప్రోఫెన్ లాగానే వాపు, నొప్పి పుట్టించే కాక్స్ ఎంజైమ్‌ని ఆపుతుంది కదా, మరి ఒకటి కాపాడి ఒకటి కాపాడకపోవడం ఏంటి? నాకైతే అక్కడే తేడా కొట్టింది. ఆ రోజుల్లో ఐబుప్రోఫెన్ అమెరికాలో చీటీ లేకుండా దొరకడం మొదలై పెద్దగా ఏళ్లు కాలేదు, 1984లో వచ్చింది. అప్పట్లో దాన్ని వాడిన వాళ్లు ఎవరు, వయసెంత, డబ్బున్నవాళ్లా, రోజుకి ఎన్ని సిగరెట్లు తాగేవాళ్లు, ఇవన్నీ ఎంత సర్దుబాటు చేసినా కొంత మిగిలిపోతుంది. పైగా మాత్రల సంగతి మొదట్లో అడిగిందే లెక్క, ఆ తర్వాత పదేళ్లకు పైగా ఎవరు మానేశారు ఎవరు మొదలుపెట్టారు అన్నది అందులో లేదు.

నేచురల్_నాగరాజు | రాత్రి 10:41
సుబ్బు గారు, మీరు ఎంత లాజిక్ చెప్పినా ఆస్పిరిన్ లాంటి చవక మందు క్యాన్సర్ ఆపుతుందంటే కంపెనీలు ఒప్పుకోవు, వాళ్లకి లక్షల ఇంజెక్షన్లు అమ్ముకోవాలి. అయినా మన పసుపు కూడా ఆ కాక్స్‌లో ఒక రకమైన కాక్స్-2ని ఆపుతుంది, గోలి ఎందుకు, పాలల్లో పసుపేసుకుని తాగమనండి, సైడ్ ఎఫెక్ట్ ఉండదు.

సాస్_సుబ్బు | రాత్రి 11:03
నాగరాజు గారు, ఆస్పిరిన్‌ని ఎవరూ దాచిపెట్టలేదు సార్, దాని మీద జరిగినన్ని పరీక్షలు చాలా తక్కువ మందుల మీద జరిగాయి. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ రోత్‌వెల్ టీమ్ 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసింది చూడండి, గుండె జబ్బుల కోసం అప్పటికే జరిగిపోయిన 8 ట్రయల్స్ పట్టుకుని 25,570 మందిలో 674 క్యాన్సర్ చావులు లెక్కపెట్టారు, ఆస్పిరిన్ వైపు 21 శాతం తగ్గాయి. లంగ్ విషయంలో కూడా మేలు కనిపించింది, అయితే అడెనోకార్సినోమా అనే రకంలోనే, అదీ అయిదేళ్లు వరసగా వాడాక. పొగతో బాగా గట్టిగా ముడిపడ్డ రకాలు స్క్వామస్, స్మాల్ సెల్ అనేవి, వాటిలో ఏమీ లేదు. అంటే బీడీ తాగే మనిషికి అసలు ఏ రకాలు వస్తాయని ఎక్కువ భయమో అక్కడ ఈ గోలి మౌనం.

ఇది ఆశ పుట్టించిన వైపు. ఇంకో వైపు, అమెరికాలో 39,876 మంది ఆడవాళ్లకి రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ గానీ ఉత్తుత్తి గోలి గానీ పదేళ్ల పాటు ఇచ్చారు, 2005లో ఫలితం వచ్చింది, మొత్తం క్యాన్సర్లు తగ్గలేదు, లంగ్‌లో కొంచెం తగ్గినట్టు అనిపించింది గానీ యాదృచ్ఛికమేమో అని కొట్టిపారేయగలిగేంత చిన్న తేడా. తర్వాత 2018లో ఆస్‌ప్రీ అనే ట్రయల్ ఫలితం వచ్చింది, ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవాళ్లు, చాలామంది 70 దాటినవాళ్లు, రోజూ 100 మిల్లీగ్రాములు. అందులో ఆస్పిరిన్ గ్రూపులోనే క్యాన్సర్ చావులు ఎక్కువొచ్చాయి, పెద్ద బ్లీడింగులు 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగాయి. చేసినవాళ్లే ఆశ్చర్యపోయారు.

పసుపు గురించి: టెస్ట్ ట్యూబులో ఆపుతుంది, తిన్నది రక్తంలోకి చేరేది బహు స్వల్పం. తాగండి, రుచిగా ఉంటుంది, నేనూ తాగుతా.

నేచురల్_నాగరాజు | రాత్రి 11:10
సైడ్ ఎఫెక్ట్ లేనిదాన్ని తాగితే పోయేదేముంది అన్నదే నా పాయింట్.

సాస్_సుబ్బు | రాత్రి 11:24
పసుపు పాలతో పోయేదేమీ లేదు సార్. కానీ "పోయేదేముంది" అన్న మాటకే లంగ్ క్యాన్సర్ చరిత్రలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. కూరగాయలు, క్యారెట్లు బాగా తినే వాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్న వాళ్లలో ఈ క్యాన్సర్ తక్కువని సర్వేల మీద సర్వేలు చెప్పాయి. సరే అని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లని తీసుకుని, వాళ్లలో కొందరికి బీటా కెరోటిన్ బిళ్లలు ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలు విప్పి చూస్తే బిళ్ల వేసుకున్న వాళ్లకే లంగ్ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటిదే ఇంకో ట్రయల్ నడుస్తుంటే అందులో 28 శాతం ఎక్కువ రావడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. మామూలు విటమిన్ లాంటి పదార్థం! సర్వేలో కనిపించింది వాళ్ల ఆహారం, వాళ్ల బతుకు తీరు, బిళ్ల కాదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొట్టమొదట ఈ కథే చెప్తాను నేను.

రేణుక_అల్వాల్ | రాత్రి 11:47
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా అమ్మ జీవితంలో బీడీ ముట్టలేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లు కట్టెల పొయ్యి, ఇక్కడికొచ్చాక గ్యాసు. కుడి భుజం నొప్పి అని మొదలైంది, వయసు మీద పడింది కదా అని ఇక్కడే వీధి చివర షాపులో నొప్పి గోలీలు తెచ్చుకుని నెలల తరబడి వేసుకుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. తర్వాత దగ్గు, ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు, కళ్లెలో ఏమీ రాకపోయినా టీబీ మందులు పెట్టారు, అవీ వాడాం. చివరికి సీటీ తీసేసరికి ఊపిరితిత్తి పై కొసన గడ్డ, భుజం నరాల్లోకి పాకింది. రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చుట్టూ తిరిగాం ఆ తర్వాత. ఇప్పుడు ఎవరైనా వచ్చి మీ అమ్మ పెయిన్ కిల్లర్లు వాడిందా అని సర్వేలో రాసుకుంటే అవును అంటాం కదా, అప్పుడు పెయిన్ కిల్లర్ వల్లే క్యాన్సర్ వచ్చిందని రాస్తారా? ఇది నాకు నిజంగా అర్థం కాని విషయం, ఎందుకంటే అలాంటి వార్తలు కూడా చదివాను.

సాస్_సుబ్బు | రాత్రి 11:58
రేణుక గారూ, అమ్మ విషయం చదివి ఏం అనాలో తెలియడం లేదండీ. మీరడిగింది చాలా సరైన ప్రశ్న. నొప్పి ముందొచ్చి, గోలి తర్వాతొచ్చి, క్యాన్సర్ పేరు మాత్రం చివర్లో రికార్డుకెక్కింది. తారీఖులు చూస్తే గోలి ముందు, జబ్బు తర్వాత అన్నట్టు ఉంటుంది, నిజానికి జబ్బే ముందు. అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు, గోలి గురించి అడిగాక మొదటి ఒకటి రెండేళ్లలో బయటపడ్డ కేసుల్ని లెక్కలోంచి తీసేసి చూస్తారు. తీయకుండా వేసిన పేపర్లలోంచే "పెయిన్ కిల్లర్‌తో లంగ్ క్యాన్సర్" లాంటి హెడ్డింగులు పుట్టడానికి అవకాశం ఎక్కువ.

పల్మో_పీజీ | రాత్రి 12:35
రేణుక గారు చెప్పిన దాన్ని మేము ప్యాంకోస్ట్ ట్యూమర్ అంటాం, పై కొసలో ఉంటుంది కాబట్టి దగ్గు కంటే ముందు భుజం, చెయ్యి నొప్పి వస్తుంది. టీబీ అనుకుని నెలలు పోవడం మన దేశంలో కొత్త కాదు, టీబీ అంత ఎక్కువ కాబట్టి ముందు అదే గుర్తొస్తుంది. కళ్లె పరీక్షలో టీబీ దొరక్కుండా మందులు పెట్టి, నెల దాటినా దగ్గు, బరువు తగ్గడం అలాగే ఉంటే సీటీ అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

పొగ లేకుండా వచ్చే దాని గురించి ఒక మాట. 2023లో లండన్ ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ చార్లెస్ స్వాంటన్ టీమ్ నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేసింది. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉన్న కణాలు కొంతమంది మామూలు ఊపిరితిత్తుల్లోనే ఏమీ చేయకుండా పడుంటాయి, గాల్లో పీఎం 2.5 అనే బాగా సన్నని ధూళి లోపలికి పోయినప్పుడు అక్కడి రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు రసాయనం వదుల్తాయి, దాంతో ఆ పడుకున్న కణాలు లేచి పెరుగుతాయి. కాబట్టి వాపుకీ ఊపిరితిత్తి క్యాన్సర్‌కీ లింకు ఉంది అన్నది ఊహ కాదు. పెయిన్ కిల్లర్ థియరీకి ప్రాణం పోసేది కూడా ఇదే.

ఇరానీ_సమోసా | రాత్రి 12:41
అంటే బాలానగర్ చౌరస్తాలో రోజూ గంట ట్రాఫిక్‌లో నిలబడే నేను ఏ గోలి వేసుకోవాలి డాక్టర్ గారూ. జోక్ కాదు ఈసారి.

పల్మో_పీజీ | రాత్రి 12:58
గోలి లేదండీ, ప్రయత్నించి చూశారు కూడా. ఆ ఇంటర్‌ల్యూకిన్‌నే నేరుగా ఆపే కానకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ని హార్ట్ ఎటాక్ వచ్చిన 10,061 మందిని తీసుకుని పరీక్షించారు, కాంటోస్ ట్రయల్ అంటారు, 2017లో వచ్చింది. ఎక్కువ డోసు తీసుకున్న వాళ్లలో లంగ్ క్యాన్సర్ 67 శాతం తగ్గింది. మా ప్రొఫెసర్లు కూడా ఎగిరి గంతేశారు. ఆ ఊపులో జబ్బు ఉన్నవాళ్ల మీద కనోపీ పేరుతో ట్రయల్స్ చేస్తే వరసగా ఫెయిలయ్యాయి. సెలెకాక్సిబ్ అనే కాక్స్-2 మందునీ కీమోతో కలిపి ముదిరిన లంగ్ క్యాన్సర్‌లో ఇచ్చి చూశారు, ఆయుష్షు పెరగలేదు. పెద్దపేగులో పాలిప్స్ అనే చిన్న గడ్డలు మళ్లీ రాకుండా ఆపుతుందేమో అని అలాంటిదే రోఫెకాక్సిబ్‌ని పరీక్షిస్తుంటే గుండెపోట్లు, పక్షవాతాలు పెరిగి 2004 సెప్టెంబర్‌లో మందునే ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. ఆస్పిరిన్ తప్ప, వాపు తగ్గించే మిగతా నొప్పి మందులన్నింటికీ ఎక్కువో తక్కువో ఈ గుండె రిస్కు ఉంది, కిరణ్ గారి నాన్నగారికి స్టెంట్ ఉంది కాబట్టి మళ్లీ మళ్లీ చెప్తున్నా.

కుషాయిగూడ_కిరణ్ | పొద్దున 8:05
అందరికి థాంక్స్. కార్డియాలజీ సార్‌కు ఫోన్ చేసిన, మస్తు తిట్టిండు, కాంబిఫ్లామ్ బంద్ చేయమన్నడు, కడుపుకు ఒక గోలి రాశిండు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (గది కిడ్నీ పరీక్ష) చేయించమన్నడు. ఇప్పుడు బాపు ఏమంటుండంటే సరే గది బంద్ చేస్త, ఎకోస్ప్రిన్ ఎట్లాగూ ఏసుకుంటున్న గదా, గది క్యాన్సర్ గూడ ఆపుతదిలే, బీడీ నడవనీ అంటుండు. ఈనెకు ఎట్ల చెప్పాలె?

మెడికల్స్_మల్లేశం | పొద్దున 8:22
మా షాపుకొచ్చేటోళ్లు గూడ గిట్లనే. ఒక గోలి దొరికిందంటే అలవాటుకు లైసెన్స్ దొరికినట్టే.

సాస్_సుబ్బు | పొద్దున 9:10
ఎకోస్ప్రిన్ లాంటి తక్కువ డోసు మీదే కొరియాలో చాలా పెద్ద లెక్క ఉంది కిరణ్, కోటీ 29 లక్షల మంది ఇన్సూరెన్స్ రికార్డులు, 2019లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తొమ్మిదేళ్లు పైబడి వాడిన వాళ్లలో లంగ్ క్యాన్సర్ 11 శాతం తక్కువ. అయిదు నుంచి ఎనిమిదేళ్లయితే 4 శాతం. అయిదేళ్ల లోపు తేడా లేదు. ఇదీ సర్వే బాపతే, ట్రయల్ కాదు, అయినా నూటికి నూరు పాళ్లు నిజమే అనుకుందాం. బాపు స్టెంట్ వేసి ఏడాది, ఇంకా ఎనిమిదేళ్లు ఆగితే 11 శాతం. బీడీ మానేస్తే? మానేసి పదేళ్లయ్యేసరికి లంగ్ క్యాన్సర్‌తో పోయే ముప్పు, తాగుతూ ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి వస్తుంది. ఆయన వెతుక్కుంటున్న "సగానికి సగం" ఇక్కడుంది. గుండెకి మేలైతే పదేళ్లు ఆగనక్కర్లేదు, మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది.

రేణుక_అల్వాల్ | పొద్దున 9:34
కిరణ్, నాన్నగారికి లెక్కలు చెప్తే వినరు. మా మామయ్య కూడా అంతే, ఆయనకి 1800-11-2356 కి చేసి ఇచ్చాం, పొగాకు మానడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఫ్రీ నంబరు. వాళ్లు వేరే మనుషులు కాబట్టి విన్నాడో ఏమో, మాకంటే వాళ్లతోనే ఎక్కువ మాట్లాడేవాడు. నికోటిన్ చూయింగ్ గమ్ కూడా వాడాడు, అయితే మీ నాన్నగారికి గుండె ఉంది కాబట్టి డాక్టర్‌ని అడిగి.

పల్మో_పీజీ | పొద్దున 10:15
బీడీ చిన్నది, పొగాకు తక్కువ, సిగరెట్ అంత ప్రమాదం కాదు అని కూడా అంటారు, అది విననే వినకండి. తునికాకు గాలి ఆడనివ్వదు, ఆరిపోకుండా గట్టిగా ఎక్కువసార్లు పీల్చాలి, టార్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే లోపలికి పోతాయి. ఒక్కసారి నిమ్స్‌లో గానీ ఎర్రగడ్డ చెస్ట్ హాస్పిటల్‌లో గానీ ఊపిరి ఊదించి ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో కొలిచే స్పైరోమెట్రీ చేయించండి, వాళ్ల నంబరు వాళ్లు చూసుకుంటే కొందరు మారతారు.

వానలు కాబట్టి సంబంధం లేకపోయినా ఒక మాట, జ్వరమొస్తే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, డిక్లోఫెనాక్ లాంటివి ఎవరూ వేసుకోకండి, పారాసెటమాల్ చాలు. డాక్టర్ రాసిన ఎకోస్ప్రిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకుండా, జ్వరం రాగానే డాక్టర్‌కి చెప్పండి.

వనస్థలిపురం_వాణి | పొద్దున 11:02
మా అత్తయ్యకి కీళ్లవాతం, వారంలో నాలుగైదు రోజులు ఏసిక్లోఫెనాక్ నొప్పి గోలి తప్పదు. ఇవన్నీ చదివి ఆవిడ భయపడి మానేస్తానంటున్నారు, క్యాన్సర్ వస్తుందా రాదా ఒక్క మాట చెప్పండి ప్లీజ్.

పల్మో_పీజీ | పొద్దున 11:20
దాని వల్ల లంగ్ క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు, రాకుండా ఆపుతుందని వేసుకోవాల్సిన పనీ లేదు. నొప్పికి రాశారు, నొప్పికే వాడనివ్వండి. బీపీ, క్రియాటినిన్ మాత్రం అప్పుడప్పుడు చూపించండి, నీళ్లు బాగా తాగమనండి.

సైనిక్‌పురి_సీనియర్ | మధ్యాహ్నం 12:48
వయసు 63, సిగరెట్లు మానేసి కొంతకాలమైంది. మాత్రల సంగతి సరే, ముందే పట్టుకోవడానికి ఏటా ఎక్స్‌రే తీయించుకుంటే చాలా? ఒక ల్యాబ్ వాళ్లు ఫుల్ బాడీ ప్యాకేజీలో సీటీ కూడా కలిపిస్తామని రోజూ మెసేజ్ పెడుతున్నారు.

పల్మో_పీజీ | మధ్యాహ్నం 1:30
అంకుల్, ఎక్స్‌రేతో లాభం లేదని తేలిపోయింది. తక్కువ రేడియేషన్ సీటీకి మాత్రం సర్వే కాదు, అసలైన ట్రయలే ఉంది, అమెరికాలో 53,454 మంది మీద చేసి 2011లో చెప్పారు, ఎక్స్‌రే తీసిన వాళ్లతో పోలిస్తే లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. అయితే అందులో తీసుకున్నది 55 నుంచి 74 ఏళ్ల మధ్య ఉండి, కనీసం 30 ప్యాక్ ఇయర్స్ తాగినవాళ్లనే, మానేసి ఉంటే 15 ఏళ్లు దాటకూడదు. మన దగ్గర పాత టీబీ మచ్చలు చాలామందికి ఉంటాయి, అవి గడ్డల్లా కనిపించి అనవసరంగా సూదులు గుచ్చించుకోవాల్సి రావచ్చు. ప్యాకేజీ వాళ్ల దగ్గర కాకుండా, చెస్ట్ డాక్టర్‌తో మాట్లాడాకే తీయించుకోండి.

సైనిక్‌పురి_సీనియర్ | మధ్యాహ్నం 1:44
ప్యాక్ ఇయర్స్ అంటే ఎలా లెక్కేయాలమ్మా? ఉద్యోగంలో రోజుకి పది, చివర్లో పాతిక దాకా వెళ్లాను.

సాస్_సుబ్బు | మధ్యాహ్నం 2:02
రోజుకి ఒక పెట్టె అంటే 20 సిగరెట్లు, అలా ఏడాది తాగితే ఒక ప్యాక్ ఇయర్ సార్. పది చొప్పున తాగిన ఏళ్లని సగం చేయండి, పాతిక చొప్పున తాగిన ఏళ్లని ఒకటింపావుతో గుణించండి, రెండూ కలపండి. మానేసిన సంవత్సరం కూడా రాసుకుని డాక్టర్ దగ్గరికి ఆ చీటీ తీసుకెళ్లండి. కిరణ్, బీడీలకి ఈ లెక్క సరిగ్గా అతకదు, బాపుకి రోజుకి ఎన్ని కట్టలు, ఎన్నేళ్లు అన్నది విడిగా రాసిపెట్టు.